బావగార్ల పెట్రోలు పందెం

మా ఇంట్లో పెట్రోలు రేటు పెరిగిన ప్రతిసారీ కాఫీ చల్లారిపోయేది. రేడియోలో సాయంత్రం వార్తలు అవగానే పక్కింట్లోంచి మా మావయ్య, అంటే అమ్మకి సొంత అన్నయ్య, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి మా వీధి అరుగుమీద కూర్చునేవారు. లోపల్నుంచి నాన్న వచ్చి ఎదురుగా పడక్కుర్చీలో వాలేవారు. అమ్మ రెండు గ్లాసులతో కాఫీ తెచ్చి వాళ్ళ మధ్యన పెట్టేది. అది మీగడ కట్టి, ఈగ వాలి, చివరికి పెరట్లో అరటిచెట్టు మొదట్లోకి చేరేది. మా అరటి అంత పెద్ద గెలలు ఎందుకు వేసేదంటే నన్నడగండి, చెబుతాను.

తొంభైల చివరి సంగతి ఇది. నాన్నదో పార్టీ, మావయ్యదో పార్టీ. అప్పుడు ఢిల్లీలో ఉన్నది మావయ్య పార్టీ. కాబట్టి నాన్న దృష్టిలో రేటు పెంచేది ప్రభుత్వం వేసే పన్నులు. మావయ్య దృష్టిలో పాపం ప్రభుత్వం చేతిలో ఏమీ లేదు, అంతా అరబ్బు దేశాలవాళ్ళూ, డాలరూ కలిసి చేస్తున్న పని. ఇద్దరూ ఒకరినొకరు బావగారనే పిలుచుకునేవారు. కోపం పెరిగేకొద్దీ మర్యాద కూడా పెంచడం మావైపు అలవాటు. గొంతులో అండీలు రెట్టింపయ్యాయంటే వ్యవహారం ముదిరిందని మాకు తెలిసిపోయేది.

"తమరు చదువుకున్నవారండి బావగారూ. తమరికి చెప్పేటంతవాణ్ణి కాదండి. కానండి, తమరు మాట్లాడుతున్నది శుద్ధ తప్పండి," అనేవారు నాన్న.

"ఆయ్," అనేవారు మావయ్య. మామూలుగా ఆయ్ అంటే సరేనని. మావయ్య ఆ సమయంలో అన్న ఆయ్‌కి మాత్రం, నువ్వు నోరు మూస్తే నేను మొదలుపెడతానని అర్థం.

నాన్న దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉండేది. యానాం. గోదావరికి ఇవతల ఎదుర్లంక, అవతల యానాం. యానాం పాండిచ్చేరి కిందకి వస్తుంది కాబట్టి అక్కడ పెట్రోలు మా కంటే చవక. "ఏవండీ, ఆ అరబ్బులు గోదారి ఇవతలివాళ్ళకి ఒక రేటూ, అవతలివాళ్ళకి ఒక రేటూ చెప్పేరా? మరి పన్ను కాకపోతే ఏంటండీ?" అని నాన్న తొడ చరిచేవారు. మావయ్య తడుముకోకుండా, "పంటి మీద బండి దాటించడానికి ఎంతవుతుందో అది కూడా కలుపుకోండి బావగారూ, అప్పుడు చెప్పండి చవకో కాదో," అనేవారు. అప్పటికింకా వంతెన పూర్తికాలేదు. బళ్ళూ, మనుషులూ, మేకలూ అన్నీ పంటి మీదే, అంటే బల్లకట్టులాంటి పెద్ద పడవ మీదే, ఏరు దాటేవి.

ఈలోగా ఢిల్లీలో ప్రభుత్వం మారింది. నాన్న పార్టీ వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండానే మళ్ళీ రేటు పెరిగింది. సాయంత్రం ఇద్దరూ యథాప్రకారం కూర్చున్నారు. నేను తలుపు పక్కన నిలబడి విని నిర్ఘాంతపోయాను. నాన్న అరబ్బుల గురించీ డాలరు గురించీ మాట్లాడుతున్నారు. మావయ్య పన్నుల గురించి మాట్లాడుతూ, ఏవండీ బావగారూ, మరి యానాం సంగతేంటండీ అంటున్నారు. నాన్న అస్సలు తడుముకోకుండా పంటి ఖర్చు కలుపుకోండి అంటున్నారు! ఇద్దరి ముఖాల్లోనూ మచ్చుకి కూడా సిగ్గు లేదు. అమ్మ మాత్రం గ్లాసులు పెడుతూ, "అదేంటన్నయ్యా, ఇద్దరూ కండువాలు మార్చుకున్నట్టు మాటలు మార్చేసుకున్నారు?" అంది. ఎవరూ వినిపించుకోలేదు.

నవ్వొచ్చే సంగతే. కానీ అప్పుడు నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఎందుకంటే వాళ్ళ పెట్రోలు గొడవకీ నా ఉద్యోగానికీ ముడి ఉంది.

నాకు కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. బడి ఓడలరేవు దారిలో. అమలాపురం పక్కనున్న మా ఊరినుంచి ఉన్నది ఒకటే బస్సు. దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది, ఇష్టం లేకపోతే లేదు. మూడు లేట్లయితే ఒక సెలవు కోత. ఆర్నెల్లు తిరిగేసరికి నా సెలవులన్నీ హారతి కర్పూరంలా అయిపోయాయి. మా హెడ్మిస్ట్రెస్ గారు మంచావిడే. అయినా పిలిచి, "ఇంక మెమో ఇవ్వక తప్పదండి, ఏమనుకోకండి," అన్నారు. ఇంట్లో చెబితే నాన్న, "పోనీ మానెయ్యమ్మా, దగ్గర్లో ఏదైనా ప్రైవేటు స్కూలు చూద్దాం," అన్నారు. ఎంత తేలిగ్గా అన్నారో! రాత పరీక్ష నెగ్గి తెచ్చుకున్న ఉద్యోగం అది. చావనైనా చస్తాను గాని వదలను అనుకున్నాను.

చావిట్లో నాన్న మోపెడ్ ఉండేది. దానిమీద పాత దుప్పటి కప్పి ఉంచేవారు. పొద్దున్నపూట దానికి పనే లేదు, నాన్న తోటలోకి నడిచే వెళ్ళేవారు. "నాకు నేర్పండి నాన్నా, నేను బడికి వేసుకెళ్తాను," అని ఎన్నిసార్లు అడిగానో. ప్రతిసారీ ఒకటే జవాబు: "ఈ రేట్లతో రోజూ బండేంటమ్మా. కొంచెం తగ్గనీ, నేర్పుతాను." అది తగ్గేదా చచ్చేదా? మావయ్యని అడిగితే ఆయన కూడా, "తగ్గుద్దమ్మా, అరబ్బులు దిగొస్తారు," అని ఇన్నాళ్ళూ గడిపేసి, ఇప్పుడు పన్నుల మీద పడ్డారు.

ఆ సాయంత్రం ఇంక ఊరుకోలేకపోయాను. ముక్కుమీద కోపం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్నదే. అరుగుమీదకి వచ్చి, "యానాం యానాం అని రెండేళ్ళనుంచి చెవులు చిల్లులు పెడుతున్నారు. ఒక్కసారి వెళ్ళి చూసి రండి. ఎవరు ఓడిపోతే వాళ్ళు నాకు బండి నేర్పాలి," అన్నాను. ఇద్దరికీ తామే గెలుస్తామని గట్టి నమ్మకం. అందుకని ఇద్దరూ వెంటనే ఒప్పేసుకున్నారు.

ఆదివారం పొద్దున్నే బావగార్లిద్దరూ మోపెడ్ మీద బయల్దేరారు. సాక్షిగా నేను బస్సులో వెళ్ళి ఎదుర్లంక రేవులో వాళ్ళని కలిశాను. పంటి ఎక్కాం. నాన్న మోపెడ్‌ని వెనకవైపు కమ్మీకి ఆనించారు. ఇంజను చప్పుడుకి మించి వీళ్ళ చప్పుడు. సగం ఏరు దాటేసరికి పంటిమీద వాళ్ళంతా రెండు పార్టీలయ్యారు. చేపల గంప పక్కన కూర్చున్న ఒకామె అంతా విని, "తమరిద్దరూ బాగానే చెప్తున్నారండి. రేటెవరు పెంచేరో గానండి, నా దగ్గర చేపలు కొనేవోళ్ళు మాత్రం బేరమాడ్డం మానట్లేదండి. ఆయ్," అంది. 

యానాం బంకులో బోర్డు మీద రేటు మా ఊరి కంటే తక్కువే ఉంది. మావయ్య మీసం దువ్వుకున్నారు. "చూసేరా బావగారూ? పన్నండి, పన్ను!" టాంకు నిండా పోయించారు. నాన్న జేబులోంచి చీటీ తీశారు. పంటికి రానూపోనూ బండికి, మనుషులకి, నా బస్సుకి, ముమ్మిడివరంలో తిన్న ఇడ్లీకి, వచ్చేటప్పుడు కాలిన పెట్రోలుకి అన్నీ అందులో ఉన్నాయి. "ఇడ్లీ ఎందుకు కలిపేరండీ?" అన్నారు మావయ్య. "యానాం రాకపోతే ఇడ్లీ తినేవాళ్ళమాండీ?" అన్నారు నాన్న. అలా ఇద్దరూ గెలిచారు. ఎవరూ ఓడలేదు. ఎవరూ ఓడలేదంటే నాకు నేర్పేవాళ్ళు ఎవరూ లేరన్నమాట. ఏడుపొచ్చింది నాకు. తిరిగి పంటి ఎక్కినప్పుడు వాళ్ళకి దూరంగా, మోపెడ్ పక్కన నిలబడ్డాను.

పంటి ఎదుర్లంక రేవుకి తగిలింది. జనం దిగారు. మావయ్య ఇడ్లీ గురించి మాట్లాడుతూ దిగారు, నాన్న ఆయన మోచెయ్యి పట్టుకుని జవాబు చెబుతూ దిగారు. అలాగే ఇసకలోంచి గట్టెక్కి టీ కొట్టు దగ్గరకి వెళ్ళిపోయారు. బండి మావయ్య తెస్తారని నాన్న, నాన్న తెస్తారని మావయ్య. సాక్షి సంగతి ఇద్దరికీ గుర్తే లేదు. అవతలికి వెళ్ళే జనం ఎక్కేస్తున్నారు.

పంటి మనిషి తాడు విప్పుతూ మోపెడ్‌ని చూసి, "ఏవండీ, ఈ బండి మళ్ళీ యానాం ఎల్తాదాండీ?" అని అడిగాడు.

ఒక్క క్షణం ఆలోచించాను. "లేదండీ, నాదే. కొంచెం సాయం పట్టండి," అన్నాను.

అతను బల్లమీంచి దింపించి గట్టుదాకా తోసిపెట్టాడు. తాళం బండికే ఉంది. సైకిలు నాకు బాగా వచ్చు. వెనక కూర్చుని నాన్న చేతులు ఎలా తిరుగుతాయో ఎన్ని వందలసార్లు చూశానో. ఎక్కి పెడలు తొక్కాను. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. లైసెన్సు మాట నాకు తట్టనైనా తట్టలేదు, తర్వాత తీసుకున్నాను లెండి.  టీ కొట్టు ముందునుంచి వెళ్తూ హారను కొట్టాను. నాన్న గ్లాసు చేత్తో పట్టుకుని, మావయ్య ముఖంలోంచి చూపు తిప్పకుండానే పక్కకి జరిగి, "చూసుకుని వెళ్ళమ్మా," అన్నారు. కన్నకూతుర్ని, సొంత బండిని రెండింటినీ గుర్తుపట్టలేదు మహానుభావుడు!

కొంతదూరం వెళ్ళి తిప్పుకొచ్చేసరికి ఇద్దరూ రేవు వైపు పరుగెడుతున్నారు. పంటి అప్పటికే నీళ్ళలో ఉంది. "ఏదండీ బండి?" "తమరు తేలేదాండీ?" "తమరి బండి నేనెందుకు తెస్తానండీ?" నేను వాళ్ళ వెనకాల బండి ఆపి మళ్ళీ హారను కొట్టాను. ఇద్దరూ తిరిగారు. ఒకసారి బండినీ, ఒకసారి నన్నూ చూశారు. "ఇద్దరూ ఓడిపోయారు," అన్నాను. ముందు మావయ్యే నవ్వారు. ఆ నవ్వు గట్టుమీద ఉన్నవాళ్ళందరికీ అంటుకుంది.

మావయ్య బస్సెక్కారు. నాన్న నా వెనక కూర్చున్నారు. కాలవ పక్కన రోడ్డు వచ్చినప్పుడల్లా నా భుజం పట్టుకుని బిగించేసేవారు, రోడ్డు కాలవకి దూరమవగానే వదిలేసేవారు. ఇంటికొచ్చాక అమ్మకి చెబితే అమ్మ గొంతు తగ్గించి, "రేటు కాదే పిచ్చిదానా. బండి కొన్న కొత్తల్లో మీ నాన్న దాంతో సహా కాలవలో పడ్డారు. నువ్వూ పడతావని ఆయన భయం," అంది. అన్నాళ్ళూ నాన్నని పిసినారి అనుకున్నందుకు నాకు చచ్చేంత సిగ్గేసింది.

ఆ సాయంత్రమే వార్తల్లో మళ్ళీ రేటు పెంచారని చెప్పారు. నా ప్రాణం ఉసూరుమంది. మావయ్య వచ్చి కూర్చున్నారు. నాన్న కూర్చున్నారు. ఏం విశేషమో, ఆ రోజు ఇద్దరూ కాఫీ వేడిగానే తాగేశారు.

సోమవారం పొద్దున్న నేను లేచేసరికి మోపెడ్ మీద దుప్పటి తీసేసి ఉంది. నాన్న టాంకు మూత తీసి, బండిని కొంచెం కదిపి, లోపలికి తొంగి చూస్తున్నారు. రేటు సంగతి ఎత్తలేదు.

"వారానికి సరిపోతుందమ్మా," అన్నారు. "కాలవ పక్కన మాత్రం నెమ్మది."

మలుపు తిరిగేదాకా ఆయన వీధిలోనే నిలబడి ఉన్నారు. నేను వెళ్ళేసరికి హెడ్మిస్ట్రెస్ గారు ఇంకా ఆఫీసు గది తాళం తీస్తున్నారు. ఆ రోజు రిజిస్టరులో మొదటి సంతకం నాది.