అత్తకు నేను అంటగట్టిన మనిషి

మా మేనత్త పోయిందని పోయిన నెల్లో నాన్న ఫోన్ చేశాడు. టెక్కలిలో బస్సెక్కి, పలాసలో ఆటో మారి, పూండి దగ్గర ఆవిడ ఊరు చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. గుమ్మం పక్కన గోడకు ఆనించిన చేట చూశాక ఆగలేదు.

ఆవిడది పలాస జీడి బట్టీలో పప్పు ఏరే పని. విడిపోని గుండ్లు ఒకవైపు, సగాలుగా చీలిన బద్దలు ఒకవైపు, ముక్కలు ఒకవైపు. మోకాళ్లు మొరాయించాక ఇంటికే తెప్పించుకుని ఏరేది. సాయంత్రమైతే లైబ్రరీ నవలలు. కథానాయిక కిటికీ దగ్గర నిలబడి నిట్టూర్చిందంటే చాలు, "బువ్వొండుకోదేటి ఈ గుంట?" అని నవ్వేది.

పెళ్లి చేసుకోలేదు. ఏ మగవాడి మీదా మనసు పోలేదని ఆవిడే చెప్పేది. మేమెవరం నమ్మితేనా! అందరికంటే నేనే ఘనురాలిని. వెళ్లిపోయిన ప్రియుడి కోసం పూండి స్టేషన్లో ముప్పై ఏళ్లు ఎదురుచూసిన స్త్రీగా ఆవిణ్ణి పెట్టి వారపత్రికలో కథ రాశాను. చదివినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ గర్వంతో పత్రిక తీసుకెళ్లి అత్తకే ఇచ్చాను.

చివరిదాకా చదివి కళ్లద్దాలు తీసింది. "ఎవులే ఈడు?"

"ఊరికే, కథ కోసం అత్తా."

"నానెన్నడూ సూడని మొగోణ్ణి నాకంటగట్టీసినావు. పైగా ఆడికోసం నన్ను ఏడిపించినావు." చేటలోంచి ఒక పప్పు తీసి నా అరచేతిలో పెట్టింది. "ఇది గుండా, బద్దా?"

"గుండు."

"మరి రెండో సగం ఏదని ఎతుకుతావేటి?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం ఆ పూటే చేపల పులుసు వడ్డిస్తూ, "మళ్లీ రాయి. మొగోణ్ణీ పెట్టకు, ఏడుపూ పెట్టకు" అంది.

రాశాను. బట్టీలో తోటి ఆడవాళ్లతో పరాచికాలు, మా అందరి పురుళ్లకూ పరిగెత్తుకు రావడం, ఆదివారం సముద్రం ఒడ్డున ఒక్కతే కూర్చుని పల్లీలు తినడం, అంతే కథ. "ఆమె ఎందుకలా ఉండిపోయిందో కారణం చేరిస్తే వేసుకుంటాం" అని సంపాదకుడు తిప్పి పంపాడు. అత్త పడీ పడీ నవ్వింది. నేను మాత్రం, నిజం ఒప్పుకోవాలి, దొంగచాటుగా కారణమొకటి ఆలోచించాను. మూడు వాక్యాలు రాసి పెట్టుకున్నాను కూడా.

పాడె కడుతుండగా నాన్నకు బాబాయి వరసయ్యే పెద్దాయన జిల్లేడు కొమ్మ, పసుపుతాడు పట్టుకొచ్చాడు. పెళ్లికాని మనిషిని అలాగే పంపకూడదని, జిల్లేడుతోనైనా ముడి వేసి సాగనంపాలని మా వాళ్లలో పాత ఆచారం.

"ఒంటిగా ఎల్తాదేట్రా పాపం" అన్నాడు, కళ్లనిండా నీళ్లతో. ఆయనదీ ప్రేమే. కానీ అది నేను కథలో చేసిన పనే.

"అత్తకి వద్దు తాతా" అన్నాను. ఆయన పసుపుతాడు చిక్కు విప్పుతూనే ఉన్నాడు. ఆవిడ చనిపోయాక కూడా మేం ఆవిడ మాట నమ్మబోవడం లేదేమోనని భయమేసింది.

నాన్న లేచి ఆయన చేతిలోని కొమ్మ మెల్లగా తీసుకున్నాడు. "మా సెల్లికి ఏటీ తక్కువ నేదు సిన్నాన్నా. అలగే ఎల్లనీ."

అలాగే వెళ్లింది. తిరిగొచ్చాక ఆ మూడు వాక్యాలు కొట్టేసి, కథ ఉన్నదున్నట్టు మళ్లీ పంపాను. వేస్తారో లేదో తెలియదు.

ఆవిడ ఇంటినుంచి బయల్దేరే ముందు చేట దులపబోతే అల్లికలో ఇరుక్కున్న పప్పు ఒకటి కనిపించింది. గుండు. తీయకుండా, చేటను మళ్లీ ఆ గోడకే ఆనించి వచ్చాను.