యాకోబుతో మాటల్లేని మామ

మా అమారో మామ శాంటియాగో వైపు ముఖం తిప్పడు. అక్కడి చర్చిలో ఉన్న పునీత యాకోబు సమాధిని చూడాలని దేశదేశాల జనం వీపున మూటలతో, అరికాళ్ల నిండా బొబ్బలతో మా ఊరి మీదుగా పడమరకి నడిచిపోతూంటారు. మామ మాత్రం ఆ యాకోబుకి వీపు చూపిస్తూనే బతుకుతున్నాడు.

కారణం ఒక ఆవు. ఆ ఆవు మరేలాకి జబ్బు చేస్తే మామ ఉత్త కాళ్లతో శాంటియాగో వెళ్లి మొక్కుకున్నాడు. తిరిగొచ్చేసరికి ఆవు లేదు.

"నేను అంత దూరం నడిచాను. ఆయన మా కొట్టం దాకా రాలేకపోయాడు!"

ఆ రోజు నుంచి మాటల్లేవు. ఇంట్లో కుర్చీలన్నీ తూర్పుకే. కూతురి పెళ్లి ఫొటోలో మామ బట్టతల వెనకభాగం ఒక్కటే కనిపిస్తుంది. ఫొటోగ్రాఫరు పడమటి పక్కన నిలబడ్డాడు మరి. సూర్యుడు రోజూ అస్తమిస్తాడన్న సంగతి, పాపం, ఎవరైనా చెబితే నమ్మడమే.

మధ్యాహ్నం ఆకుకూర సూప్ తాగి, కర్ర పట్టుకుని, యాత్రికులకి ఎదురు నడిచేవాడు.

"తాతా, శాంటియాగో అటు కాదు, ఇటు!"

"తెలుసు. అందుకే అటు పోతున్నా."

"దారి తప్పావు తాతా!"

"నేను తప్పలేదు. తప్పింది ఆయన."

మరి ఇంటికి రావాలంటే పడమరకి నడవాలి కదా? వీపు ముందు పెట్టి, వెనకడుగులు వేస్తూ వచ్చేవాడు. దారిలోని రాళ్లూ, పేడా, కంచెలూ ఆ వీపుకి కంఠోపాఠం.

నేను మా ఊళ్లో దోసిందా అత్త నడిపే యాత్రికుల సత్రంలో దుప్పట్లు మార్చేవాణ్ణి. ఊరు దాటే యోగం లేని నాకు, సెలవు పెట్టి మరీ బొబ్బలు తెచ్చుకునేవాళ్లంటే ఒళ్లుమంట. ఇంకో మంట ఏమిటంటే, సత్రం కిటకిటలాడే ఆగస్టులో కూడా తలుపు పక్క మంచం అత్త ఎవరికీ ఇవ్వదు. అడిగితే "అది అమారోది" అంటుంది. సొంత ఇల్లున్నవాడికి సత్రంలో మంచమేమిటి?

ఒక సాయంత్రం జోరున వాన. సత్రం నిండిపోయింది. కండలు తిరిగిన సైకిలు కుర్రాడొకడు వచ్చి ఆ ఖాళీ మంచం కావాలని పట్టుబట్టాడు. తర్వాతి సత్రం గుట్ట అవతల.

"ఇచ్చేద్దాం అత్తా. ఈ వానలో మామ ఎందుకొస్తాడు?"

"పడుకునేది ఆయన కాదురా గాడిదా. ఆ మంచం అందరికన్నా వెనకపడ్డవాళ్లది. రోజూ ఎదురుపోయి వెతికేది వాళ్ల కోసమే. ఇంకా రాలేదంటే ఎవరో దొరికారన్నమాట. పో, చూడు."

బయటికి వెళ్లాను. వానలో ముందు మామ వీపు కనిపించింది. మూట ఒకటి రొమ్మున కట్టుకుని, వెనకడుగులు వేస్తూ బురదవాలు దిగుతున్నాడు. ఆయన రెండు చేతులూ పట్టుకుని, మోకాలు వాచిన డచ్చి ముసలావిడ.

"బురద చూడకు, నా మొహం చూడు. అందంగా లేనా?"

"లేవు," అంది ఆవిడ, వెక్కుతూనే.

"ఇంత దూరం నడిచావు, చిన్న అబద్ధం నేర్చుకోలేదూ! ఊఁ, ఇంకో అడుగు."

సైకిలు కుర్రాడికి నేనే చెప్పాను. "మంచం లేదు బాబూ. నీకు కాళ్లూ ఉన్నాయి, చక్రాలూ ఉన్నాయి."

పొద్దున్నే ఆవిడ కుంటుకుంటూ బయల్దేరింది. "శాంటియాగోలో నీ కోసం ప్రార్థిస్తాను."

"వద్దు వద్దు! నా పేరెత్తకు. మాకు మాటల్లేవు."

ఆవిడ పడమరకి నాలుగడుగులు వేసింది. మామ తూర్పు గోడకేసి చూస్తూ, ఊరంతా వినేటట్టు అరిచాడు.

"ఆ మోకాలి సంగతి మాత్రం ఆయనకి గట్టిగా చెప్పు! నేను చెప్పమన్నానని అనకు!"