బేరమాడి కొన్న మీటరు, బాబాయి గొంతు

పక్క క్వార్టరు బాబాయి గొంతు పదకొండు రోజులు నా బల్లమీద ఉంది. మూత ఒకచోట, బోర్డు ఒకచోట, మోగే బిళ్ల ఇంకోచోట. దుమ్ము పడకుండా పైన నా పాత చున్నీ కప్పాను.

గొంతంటే టార్చిలైటంత యంత్రం. మూడేళ్ల కిందట జబ్బు చేసి, డాక్టర్లు ఆయన స్వరపేటిక తీసేశారు. అప్పట్నుంచి దాన్ని మెడకి ఆనించి, మీట నొక్కి, పెదవులు కదుపుతారు. బుర్రుమనే మోతలోంచి మాటలు వస్తాయి. వినగా వినగా అలవాటై, అది మోత అన్న సంగతే మేమంతా మరిచిపోయాం. లోకో షెడ్డులో ఫిట్టరుగా బతుకంతా ఇంజన్ల మీద అరిచిన మనిషి, ఆ యంత్రంతోనూ అరిచేవారు. దానికి ఆయన పెట్టిన పేరు డబ్బా. ఒకరోజు కూరల బండివాడిని తిడుతుండగా తిట్టు మధ్యలో డబ్బా ఆగిపోయింది. కొన్నచోటికి కొడుకు ఫోన్ చేస్తే, ఆ మోడలు ఇప్పుడు రావడం లేదు, కొత్తది కొనుక్కోండి అన్నారట. కొత్తదంటే ఆ ఇంటికి చిన్న మాట కాదు. దాంతో కోడలు దాన్ని చేతిరుమాల్లో చుట్టి నా దగ్గరికి పట్టుకొచ్చింది.

"అక్కా, ఏటైనా చెయ్యి. మావయ్యకి మాట లేకపోతే ఘర్ మే పాగల్ అయిపోతాం" అంది.

ఆయనకీ కోడలికీ మధ్య చిక్కు ఇది. బాబాయి ఈ హిందీ ఊళ్లోని తెలుగు బడిలో ఐదో క్లాసు దాకా చదివారు. హిందీ నీళ్లలా మాట్లాడతారు గానీ రాయడం వచ్చింది తెలుగొక్కటే. కోడలు ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఇంట్లో మాట తెలుగే. చదవడం మాత్రం హిందీ, ఇంగ్లీషు. మామగారి అక్షరాలు ఆమెకి ముగ్గుల్లా కనిపిస్తాయి. ఆమె మొగుడు గూడ్సు బండ్ల డ్యూటీ మీద రెండ్రోజులు వెళ్తే ఒకరోజు ఇంట్లో ఉంటాడు. ఆ ఒక్కరోజూ నిద్రే. అందుకని బాబాయి పలక మీద రాస్తే, ఆమె ఆ పలక పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేది. నేను చదివి చెప్పేదాన్ని. "చారులో ఉప్పు నేదు." "నా కళ్లజోడు నీ మొగుడు బేగులో ఎల్లిపోనాది." మూడో రోజు నాకే వచ్చింది: "ఆ గుంటకి సెప్పు. ఇంజనే మూడు గంటల్లో కట్టీసేవోళ్లం. డబ్బాకి మూడు రోజులా?"

గుంట అంటే నేనే. నాకు యాభై రెండేళ్లు.

నాకీ విప్పే జబ్బు నాన్న కొట్లో అంటుకుంది. బుధవారీ బజారులో మాది కిరాణా కొట్టు, పక్కన నాన్న తమ్ముళ్లది బట్టల కొట్టు, ఎదురుగా మేనమామది గిన్నెల కొట్టు. వెలగడం లేదని జనం తిరిగి తెచ్చి పడేసిన ఎమర్జెన్సీ లైట్లు విప్పి, మూడింట్లోంచి ఒకటి బాగుచేసేదాన్ని. ఈమధ్య పిల్లలు చదువులకు పోయి ఇల్లు ఖాళీ అయ్యాక, వెనక వరండాలో బల్ల వేసుకుని, ఈ ఏడాదంతా సామాను పోగుచేశాను. వేడి తగ్గించి పెంచుకునే సోల్డరింగ్ ఐరన్. కరిగిన సీసాన్ని లటుక్కున పీల్చే చిన్న పంపు. గడియారాలవాడి స్క్రూడ్రైవర్లు. చుట్టూ లైటున్న భూతద్దం. ఆ భూతద్దం ఎలక్ట్రానిక్స్ కొట్లో కొనలేదు. అదే వస్తువు బ్యూటీ పార్లరు సామాన్ల కొట్లో చవగ్గా దొరుకుతుంది. కొట్టామె నేను పార్లరు పెడుతున్నాననుకుని హోల్‌సేల్ రేటు వేసింది. కాదని నేనెందుకు చెబుతాను? పైగా కనుబొమల దారం రెండు ఉండలు ఊరికే ఇచ్చింది. ఇప్పుడు తీగలు కట్టలు కట్టడానికి అదే వాడుతున్నాను. మా ఆయన వరండాలోకి తొంగిచూసి, "ఇంట్లో పాడైనవన్నీ అమ్మినా నీ సామాను ఖరీదు రాదు" అంటారు. ఇంజన్ నడిపే మనిషికి బేరం విలువ ఏం తెలుస్తుంది?

డబ్బా వచ్చేనాటికి నా దగ్గర లేనిది మంచి మీటరొక్కటే. సెల్లులో ఎంత బలం ఉందో, తీగ ఎక్కడ తెగిందో చెప్పేది అదే. పాతది నా చేతిలోంచే జారి పగిలింది. మర్నాడే తెలిపారా బజారులోని ఎలక్ట్రానిక్స్ కొట్టుకి వెళ్లాను.

కొట్టు ఓనరు నా వయసువాడే. నన్ను చూడగానే టీ గ్లాసు పక్కన పెట్టాడు. చాలాసేపు పడుతుందని అతనికి తెలుసు. ధర చెప్పాడు. నేను నవ్వాను. తగ్గించాడు. మీటరు తిప్పి చూసి, "రంగు బాగాలేదు" అన్నాను.

"దీదీ, కరెంటు చూడ్డానికి రంగెందుకు?"

"రోజూ చూడాల్సింది నేను కదా, భయ్యా."

ఇంకొంచెం తగ్గించాడు. నేను లేచాను. ఇందులో ఒక పద్ధతి ఉంది. మెట్టు దిగేటప్పుడు వెనక్కి చూడకూడదు. చెప్పు సరిచేసుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగాలి. ఆగాను.

"ఆవో దీదీ, తీసుకోండి. మీలాంటివాళ్లతో నా ఇల్లు గడవదు."

అక్కడితో ఊరుకుంటే నేను మా నాన్న కూతురినే కాదు. "లోపల బ్యాటరీ కూడా నువ్వే వెయ్యి" అన్నాను. అతను నా మొహంలోకి ఒకసారి చూసి, మీటరు పట్టుకుని తెర వెనక్కి వెళ్లి, బ్యాటరీ వేసి తెచ్చాడు. దారి పొడుగునా ఆ బేరాన్ని తలుచుకుని మురిశాను. ఆటోవాడితో బేరమాడడం కూడా మరిచిపోయాను.

ఇంటికొచ్చి డబ్బా లోపలి సెల్లుకి మీటరు పెట్టాను. నాలుగు వోల్టులు. అంటే సెల్లు నిక్షేపంలా ఉంది. తప్పు బోర్డులో ఉండాలి. మీటరు మూలన చిన్న బ్యాటరీ బొమ్మ వెలుగుతోంది. ఊరికే వచ్చిన బ్యాటరీ ఉందని గుర్తు కాబోలు అనుకున్నాను. అది చూసి ఇంకా ముచ్చటపడ్డాను కూడా.

అక్కణ్నుంచి వారం పైన ఆ బోర్డు నా చేతిలో పడ్డ పాట్లు చెప్పలేను. అనుమానం వచ్చిన ప్రతి ముక్కనీ ఊడదీశాను, మళ్లీ అతికాను. కొత్త ఐరన్ కదా, వేడి ఎక్కువ పెట్టాను. ఒకచోట సీసంతోపాటు బోర్డు మీది రాగి గీత కూడా లేచి వచ్చింది. భూతద్దంలో ఆ గీత వెంట్రుకలా వంకరగా కనబడగానే ఐరన్ పక్కన పెట్టేశాను. అది వేరేవాళ్ల ఫ్యాను కాదు, రేడియో కాదు. ఆ మనిషికి ఉన్న మాటంతా అదే.

పలక వస్తూనే ఉంది. ఐదో రోజు: "బోర్డు ఆపరేసను అయ్యిందా? పేసెంటు బతికున్నాడా?" ఏడో రోజు: "నీ బాబు కొట్లో నాసిరకం పప్పు అమ్మీసినాడు. నువ్వు డబ్బాలు సంపీసినావు." అది చదువుతుంటే కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. ఎనిమిదో రోజు పలకలో సగం తుడిచేసి ఉంది. "అమ్మీ, నువ్వు ఆ రోజు" అన్నంతవరకే మిగిలింది. ఆ అమ్మీ నేనో కోడలో తెలియలేదు.

"ఏటి రాశారు?" అని అడిగాను.

"తెలీదక్కా. రాశారు, నాకు ఇవ్వబోయారు, మళ్లీ ఆయనే తుడిచేశారు."

తొమ్మిదో రోజు పలక ఖాళీగా వచ్చింది. బలపం చేతికిస్తే పక్కన పెట్టేశారట. పొద్దున్నించి వీధి వైపు కుర్చీ తిప్పుకుని కూర్చున్నారట. అన్నం తిన్నారు, ఉప్పుందో లేదో చెప్పలేదట. "తిట్టకపోతే భయం వేస్తోందక్కా" అంది ఆ పిల్ల. ఎప్పుడూ మధ్యలో హిందీ కలిపే పిల్ల, ఆ వేళ ఒక్క ముక్క కూడా కలపలేదు.

పదో రోజు మా గోడగడియారం ఆగింది. కొత్త సెల్లు వేయబోతూ, చేతిలోనే ఉంది కదా అని పాత సెల్లుకి మీటరు పెట్టాను. ఒకటిన్నర. ఆగిపోయిన సెల్లు కొత్త సెల్లంత చూపించడమేమిటి? ప్యాకెట్టులోంచి తీసిన కొత్త దానికి పెట్టాను. రెండు దాటింది. ఒకటిన్నర సెల్లు రెండు చూపిస్తే తప్పు సెల్లుది కాదు. మీటరు వెనక మూత విప్పాను. లోపలి బ్యాటరీ అంచున తెల్లటి ఉప్పులాంటిది పేరుకుని ఉంది. ఎవరి రిమోట్‌లోనో ఏళ్లు పనిచేసి రిటైరైన బ్యాటరీ. అది నీరసపడితే మీటరు అన్నిటినీ ఎక్కువ చేసి చూపిస్తుంది. మూలన వెలిగే బొమ్మ అదే చెబుతోంది, కొన్న రోజు నుంచీ. అంటే డబ్బాలో చచ్చింది సెల్లే, బోర్డు నేను ముట్టుకునేదాకా బాగానే ఉంది.

కోపం రావాలి. రాలేదు. తెర వెనక ఏం జరుగుతుందో ఈ ఊళ్లో నాకంటే తెలిసిన మనిషి ఉండదు. మా కొట్లో కందిపప్పు బస్తాలు రెండుండేవి. చెప్పిన ధరకి తీసుకునేవాళ్లకి ముందు బస్తా. గీసి గీసి బేరమాడేవాళ్లకి, "సరే, మీ మాటే ఉండనీండి" అని నవ్వుతూ, వెనక బస్తాలోంచి. ఆ వెనక బస్తాలోంచి చేటతో తోడింది చిన్నప్పుడు నేనే. బాబాయి ఎప్పుడూ గీసి బేరమాడేవారు. ఆయన పలక మీద రాసిన నాసిరకం పప్పు అదే. ఆయనకి అప్పుడే తెలుసన్నమాట.

ఆ మధ్యాహ్నమే తెలిపారా వెళ్లాను. మీటరు బ్యాటరీ ఒకటి, డబ్బాలోకి సరిపోయే చార్జింగ్ సెల్లు ఒకటి అడిగాను. ధర చెప్పాడు. తల ఊపాను.

కొట్టువాడు కంగారుపడ్డాడు. "దీదీ, ఇంట్లో అంతా బాగేనా?"

"బాగే. ముందున్న పెట్టెలోంచి ఇవ్వు. తెర వెనక్కి వెళ్లకు."

అతనికి అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి. "మీరు ఊరికే అడిగారు. ఊరికే ఇచ్చేది అలాగే ఉంటుంది మరి" అన్నాడు నేలకేసి చూస్తూ.

"తెలుసు భయ్యా. మాదీ కొట్టే."

దేనికని అడిగితే చెప్పాను. అతను నాలుగు సెల్లులు తీసి, ఒక్కొక్కటీ తన మీటరుతో చూసి, మూడు పక్కకి నెట్టి, ఒకటి నా ముందు పెట్టాడు. ధర తగ్గించాడు. వద్దన్నాను. ఇంకా తగ్గించాడు. "తగ్గించకు! పూర్తి ధరే తీసుకో!" అని గట్టిగా అన్నాను. పక్కనున్న మనిషి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చివరికి నా మాటే నెగ్గింది. బేరంలో నెగ్గి ఎక్కువ ఇచ్చి రావడం నాకు అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే లేచిపోయిన రాగి గీత బదులు వెంట్రుకంత తీగ అతికాను. ఈసారి వేడి తగ్గించి, ఊపిరి బిగబట్టి. కొత్త సెల్లు పెట్టి మీట నొక్కాను. బల్లమీద డబ్బా బుర్రుమంది. ఎవరి మాటా లేని ఉత్త మోత. మూత బిగిస్తుంటే కళ్లు మసకలయ్యి, ఒక స్క్రూ వంకరగా ఎక్కింది. ఇప్పటికీ అది వంకరగానే ఉంది.

పట్టుకుని పక్కింటికి వెళ్లాను. బాబాయి వీధివైపే చూస్తున్నారు. చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి, వంకర స్క్రూ దగ్గర వేలు ఆపి నాకేసి చూశారు. తర్వాత మెడకి ఆనించారు. మొదటిసారి నొక్కి ఊరుకున్నారు. రెండోసారి పెదవులు కదిపారు.

"వచ్చీసింది" అంది డబ్బా.

వంటింట్లోంచి కోడలు తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. నేను గొంతు సవరించుకున్నాను. మీటరు కథ, తెలిపారా కథ, కాస్త నా తప్పు తగ్గించి చెబుదామని కుర్చీ లాక్కున్నాను.

"ఏటి కూకుంటన్నావు?" అన్నారు.

"అదేటి బాబాయ్, ఇంత చేసి తెస్తే..."

"బాగా సేసినావు. నీ బాబు కన్నా నయమే. ఇప్పుడు ఎల్లు. నాను మా కోడలుతోటి మాటాడాల. దీనికి సెప్పాలన్న మాటల్లా నీకాడికి ఎల్లి సదివించుకు రావాల్సొత్తంది. ఒక మాటుంది. అది నువ్వు సదవకూడదు."

నేను లేచాను. మెట్టు దగ్గర చెప్పు సరిచేసుకోవడానికి అలవాటుగా ఆగాను. వెనక్కి పిలవలేదు.

ఇంటికొచ్చి బల్లముందు కూర్చుంటే గోడ అవతలనుంచి బుర్రుమనే మోత వినిపించింది. మాటలు తెలియడం లేదు. ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. చెవి గోడకి ఆనిస్తే వినబడుతుందని నాకు తెలుసు. పంపులో ఇరుక్కున్న సీసం ముక్కలు దులుపుతూ కూర్చున్నాను. చాలాసేపటికి కోడలి గొంతు వినిపించింది. ఏడుస్తోందో నవ్వుతోందో గాని, చివర్లో నవ్వే.

సాయంత్రం ఆమె గిన్నెలో చారు పట్టుకొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఉప్పు చూడక్కా. మావయ్య సరిపోయిందన్నారు" అంది. చూశాను. సరిపోయింది. గిన్నె కడిగి ఆమె చేతికిచ్చాను.