దయ్యం పిన్ని కుర్చీ

భయపడటానికి డబ్బిచ్చి మరీ వరుసలో నిలబడే ప్రాణి సృష్టిలో మనిషి ఒక్కడే. పులిని దగ్గరగా చూపిస్తాం రమ్మంటే ఏ జింకా టికెట్టు కొనదు. మనిషి మాత్రం అలా కాదు. ఏ దేశపు సంతలో చూసినా ఒక మూల నల్లగుడ్డ కట్టిన చీకటి గది ఉండనే ఉంటుంది, దాని ముందు పిల్లల్ని చంకనేసుకున్న జనం ఉండనే ఉంటారు. ఆ భయానికి అవతల ఒక తలుపు ఉంటుంది, అది ఎండలోకి తెరుచుకుంటుంది, అదీ వాళ్ళ ధీమా. తలుపు లేని భయానికి ఎవరూ పైసా ఇవ్వరు.

ఆ తలుపుకు ఇవతలే జీవితం గడిపిన మనిషి దయ్యం పిన్ని.

వినోదాల పార్కులో ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. భూతాల బంగళా అనే రేకుల షెడ్డులో ఆఖరి గదిలో ఊగే కుర్చీ ఒకటుంది. తెల్లజుట్టు విరబోసుకుని అందులో కదలకుండా కూర్చోవడం ఆమె ఉద్యోగం. చేరిన కొత్తలో జుట్టుకు పౌడరు దట్టించుకునేది. పోనుపోను ఆ ఖర్చు దానంతటదే తప్పిపోయింది. జనం గోడలు తడుముకుంటూ ఆ గదిలోకి వచ్చి, ఓస్, బొమ్మేలే అని ఊపిరి పీల్చుకునే సమయానికి ఆమె మెల్లగా తల తిప్పేది. అంతే, ఇంకేమీ చేసేది కాదు. ఆ పైన అరవడం వాళ్ళ వంతు.

ఇంతచేసీ ఆమెకు బల్లి అంటే హడల్. మెట్లు దిగాలన్నా గోడ పట్టుకునేది, వేళకాని వేళ ఫోను మోగితే కాళ్ళూ చేతులూ చల్లబడేవి. "దయ్యాలు దడుచుకుంటే మంత్రగాళ్ళు ఎలా బతుకుతారే అమ్మా" అని కూతురు ఏడిపించేది. ఆ కూతురు మాత్రం తక్కువ తిందా? బట్టల దుకాణంలో కుట్టుమిషను మీద పనిచేసే ఆ పిల్ల, కన్నతల్లి దయ్యమైన ఆ బంగళాలోకి ఒక్కనాడూ కళ్ళు తెరిచి వెళ్ళలేదు.

పిన్ని పనిలో ఒక నియమం ఉండేది. అరిచేవాళ్ళ గురించి బెంగ అక్కర్లేదు, వాళ్ళ భయం నోటి గుండా పోతుంది. నోరు పెగలకుండా నిలబడిపోయినవాళ్ళను చూసుకోవాలి. అలాంటివాళ్ళు కనబడితే వేషం పక్కన పెట్టి, లేచి, మామూలు గొంతుతో "నేను మనిషినే నాయనా, రా" అని చెయ్యి పట్టుకుని ఎండలోకి తీసుకుపోవాలి.

ఇంట్లో ఆమెకు ఒక ముచ్చట ఉంది, కూతురి కూతురు. మాట ఘాటుకి దానికి మిరపగింజ అని పేరు పడింది. తల్లి దుకాణానికి పోతే ఆ పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉండేది. ఆఖరి గది వెనక, పలచటి చెక్కగోడకు అవతల, సన్నటి నడవా ఉండేది. మిరపగింజ అక్కడే అన్నం తిని, అక్కడే రంగులు వేసుకుని, జనం అరుపులే జోలపాటగా అక్కడే నిద్రపోయి పెరిగింది. ఒకసారి చీకట్లో దారి తప్పి బెదిరిపోయిన పిల్లకు పిన్ని ఒక మాట నేర్పింది. "భయమేస్తే పరిగెత్తకు. కుర్చీ దగ్గరికి వచ్చెయ్. కుర్చీలో ఉండేది ఎప్పుడూ నేనే."

ఎప్పుడూ అనే మాట అంత తేలిగ్గా అనకూడదు. కానీ పిల్లలతో మాట్లాడేటప్పుడు ఎవరికి గుర్తుంటుంది?

నిరుడు పార్కు చేతులు మారింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నట్టు మార్పులు వరదలా వచ్చిపడ్డాయి. బొమ్మ రైలు పట్టాలు పెకిలించి అక్కడ నీటి జారుడుబల్లలు కట్టారు. జెయింట్‌వీల్ తొట్లు పోయి అద్దాల గదులొచ్చాయి, వాటిలో చల్లగాలి కూడానూ. చెక్కగుర్రాలకు లైట్లు పెట్టారు, టికెట్టు చీటీ బదులు చేతికి పట్టీ వేస్తున్నారు. జనానికి పండగే. అబద్ధమెందుకు, పిన్నికీ బాగానే ఉండేది. సెలవు రోజున మిరపగింజను వేలు పట్టుకుని తిప్పుతూ, తనే కట్టించినంత గొప్పగా ఒక్కొక్కటీ చూపించేది.

తర్వాత భూతాల బంగళా వంతు వచ్చింది. నడిచి వెళ్ళే దారి తీసేసి పట్టాలు వేశారు. జనం ఇద్దరేసి చిన్న బండ్లలో కూర్చుంటే, బండి చీకట్లో మలుపులు తిరుగుతుంది, మలుపు మలుపుకూ యంత్రపు బొమ్మలు లేచి మీదికి వంగుతాయి. శవపెట్టెలోంచి లేచే అతన్ని పళ్ళరసాల కొట్టుకు పంపారు, పుర్రె పట్టుకునే అమ్మాయిని గేటు దగ్గర నిలబెట్టారు. పిన్నికి మాత్రం మర్యాద చేశారు. ఇన్నేళ్ళు ఆ కుర్చీకి పేరు తెచ్చిన మొహం పోకూడదని, కొత్త బొమ్మకు ఆమె మొహమే పెడతామన్నారు.

అచ్చు తీస్తామని ముక్కులో గొట్టాలు పెట్టి, మొహం నిండా తెల్లటి ముద్ద పూసి, అది గట్టిపడేదాకా కదలొద్దన్నారు. కదలకుండా ఉండటం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అయినా ఆ ముద్ద కింద, కనురెప్పల మీద బరువు పెరుగుతుంటే, తలుపు లేని భయమంటే ఏమిటో మొదటిసారి తెలిసింది.

బొమ్మ తయారయ్యాక యంత్రాలు చూసే మెకానిక్ పిలిచి చూపించాడు. జేబులో ఎప్పుడూ నూనె డబ్బా ఉంటుందని అతన్ని నూనెడబ్బా అనేవారు. తన పనితనానికి తనే మురిసిపోతున్నాడు. పిన్ని చూసింది. అదే ముడతలు, అదే పెదవి, కుడి కనుబొమ పక్కన అదే మచ్చ.

"రెప్ప వెయ్యదేం?" అంది చివరికి.

"వేస్తుంది పిన్నీ, దాని మోటారు ఇంకా రాలేదు. అప్పటిదాకా నువ్వే ఓపిక పట్టు" అని నవ్వాడు.

ఆ రోజు ఇంటికొచ్చి అద్దానికి గుడ్డ కప్పింది. ఎందుకని అడిగిన కూతురితో దుమ్మని చెప్పింది. బొమ్మ సంగతి మనవరాలికి చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే అది చూస్తానంటుంది, చూస్తే ఆ మొహం దాని కళ్ళలో ఉండిపోతుంది. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపులన్నీ గడిచిపోయి, కొత్త బంగళా ప్రారంభానికి ముందురోజు వచ్చింది.

ఆ రోజు పనివాళ్ళ కుటుంబాలకు ఉచితం. పిన్నిని బయటికొచ్చే తలుపు దగ్గర వేశారు, బండి దిగేవాళ్ళకు చెయ్యందించే పని. కూతురూ మనవరాలూ సాయంత్రం వస్తామన్నారు కాబట్టి, లోపలికి వెళ్ళకుండా ఏదో ఒక సాకు చెప్పవచ్చని ఆమె ధైర్యం. వాళ్ళేమో ఆమెను ఆశ్చర్యపరుద్దామని పొద్దున్నే వచ్చి, అటువైపు గుమ్మంలో బండెక్కేశారు.

నల్లతెర తోసుకుని ఒక బండి వెలుగులోకి వచ్చింది. అందులో కూతురు రెండు చేతులతో కళ్ళు మూసుకుని ఉంది.

"అయిపోయిందా అమ్మా?" అంది, వేళ్ళు తియ్యకుండానే.

"ఒక్కదానివే ఎక్కావా?"

"ఒక్కదాన్నెందుకు ఎక్కుతాను, ఇదిగో" అంటూ పక్కకి చెయ్యి చాపి తడిమింది. అడ్డకమ్మీ వేసినది వేసినట్టే ఉంది. దాని కింద సీటు ఖాళీగా ఉంది.

కూతురు అరిచింది. పిన్ని అరవలేదు. పిల్ల ఎక్కడుందో ఆమెకు ఆ క్షణమే తెలిసిపోయింది. కుర్చీ దగ్గరి మలుపులో బండి బాగా నెమ్మదిస్తుంది, జనం మొహం చూడాలని. కమ్మీ పెద్దవాళ్ళ ఒడికి ఆనుతుంది, పిల్లలకు వదులుగా ఉంటుంది. మిరపగింజకు చీకట్లో భయమేసింది. పరిగెత్తలేదు, నేర్పినట్టే చేసింది.

నూనెడబ్బా అప్పటికే బండ్లన్నీ ఆపేశాడు. అతని గదిలో తెర మీద, చీకట్లోనూ చూసే కెమెరా దృశ్యం కనబడుతోంది. ఊగే కుర్చీ. కుర్చీలో ఒక తల. ఆ తల పక్కన భుజం మీద వాలి ఇంకో చిన్న తల.

"అమ్మయ్య, కూర్చునే ఉంది" అంది కూతురు ఏడుస్తూ.

నూనెడబ్బా మాత్రం అమ్మయ్య అనలేదు.  అతను గబగబా చెప్పినదాని సారాంశం ఇది. బండ్లు ఆగాయి గానీ బొమ్మ ఆగలేదు. దాన్ని నడిపేది ట్యాంకులో బిగించిన గాలి. కుర్చీ ముందు కంటికి కనబడని కిరణం ఒకటుంది, దాన్ని ఏది దాటినా బొమ్మ ఒక్క ఊపున లేచి పట్టాల మీదికి వంగుతుంది. ఒకసారి లేచి కూర్చున్నాక గాలి మళ్ళీ నిండేదాకా అది కదలదు, పిల్ల ఆ సందులోనే ఎక్కినట్టుంది, ఇప్పుడు గాలి నిండిపోయింది. ఒళ్ళో పిల్ల ఉందని దానికేం తెలుసు? పోనీ కరెంటు తీసేద్దామంటే, తీసిన మరుక్షణం అది లేచి నిలబడిపోయేలా కట్టారు. ట్యాంకులో గాలి చేత్తో వదలాలి, దానికి కాస్త సేపు పడుతుంది. లైటు వేస్తే పిల్ల ఆ మొహం చూసి కిందికి దూకుతుంది, దూకితే కిరణం దాటుతుంది.

"ఎంత సేపైనా సరే, పిల్ల దిగకూడదు పిన్నీ. నువ్వేం చేస్తావో నాకు తెలీదు" అంటూ పరిగెత్తాడు.

వెనక నడవా ఇంకా ఉంది, ఇప్పుడక్కడ తీగలు పరిచారు. పిన్ని చెప్పులు వదిలేసి, తీగల మధ్య అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి చెక్కగోడకు చెవి ఆనించింది. గోడకు అవతల, చేతికి అందేంత దూరంలో, పిల్ల గొణుగుతోంది.

"పలకవేం అమ్మమ్మా? కోపమా నా మీద? నేను మెల్లగానే దిగాను."

 ఇటు ఉన్నానని చెబితే పిల్ల దిగి గోడ చుట్టూ వస్తుంది. ఇన్నేళ్ళు మనిషిగా కూర్చుని బొమ్మలా నటించింది. ఇప్పుడు బొమ్మకు మనిషిని అరువివ్వాలి. చెక్కల మధ్య పగులు దగ్గర నోరు పెట్టి, ఎప్పటి గొంతుతోనే అంది.

"డ్యూటీలో ఉన్నానే. డ్యూటీలో మాట్లాడితే మేనేజరు తిడతాడు."

"మరి ఇప్పుడు మాట్లాడావుగా."

"నీతో ఎవరు పడగలరు తల్లీ."

పిల్ల కిసుక్కున నవ్వింది.  దూరంగా గాలి బుస్సుమని మొదలైంది.

"అమ్మమ్మా, నీ చెయ్యి చల్లగా ఉంది. అమ్మ కూడా భయపడుతుంటుంది. నేను దిగి తనను పిలుచుకొస్తా." కుర్చీ కిర్రుమంది. చిన్న చెప్పు ఒకటి నేలకు తగిలిన చప్పుడు.

పిన్ని గోడను రెండు చేతులా పట్టుకుంది. అరవాలనిపించింది. అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుంది.

"కాలు పైకి పెట్టు" అంది మెల్లగా. "మనం ఇప్పుడు కదలకుండా ఉండే ఆట ఆడుతున్నాం. ముందు కదిలినవాళ్ళు ఓడిపోయినట్టు."

"నువ్వెప్పుడూ ఓడిపోవుగా."

"చూద్దాం. ఇవాళ నువ్వే గెలుస్తావేమో."

చెప్పు చప్పుడు మళ్ళీ రాలేదు. ఇటు ముసలిది, అటు పసిది, మధ్యలో రెప్ప వెయ్యని మూడో మనిషి, ముగ్గురూ ఊపిరి బిగబట్టినట్టే ఉన్నారు. పిన్ని నుదుటి చెమట కంట్లోకి దిగింది, ఆమె తుడుచుకోలేదు. తను కదిలితే గోడ అవతల బొమ్మ కూడా కదులుతుందని ఎందుకో గట్టిగా అనిపించింది. గాలి బుస పలచబడింది, సన్నగిల్లింది. ఉన్నట్టుండి కుర్చీ నిలువునా వణికి, ఏదో బరువు కిందికి జారినట్టు చప్పుడైంది.



"కదిలావు!" అంది పిల్ల గొంతు. "అమ్మమ్మా, నువ్వు కదిలావు, ఓడిపోయావు."

"ఓడిపోయానే తల్లీ" అంది పిన్ని. ఆ మాట సగమే బయటికి వచ్చింది.

గాలంతా పోయిందని నూనెడబ్బా కేకేశాడు. లైట్లు వెలిగాయి. పిన్ని గోడ చుట్టూ పరిగెత్తుకొచ్చేసరికి మిరపగింజ, తల వాలిపోయిన బొమ్మ ఒళ్ళో కూర్చుని, ఆ మొహం వైపు చూస్తోంది. తర్వాత పిన్ని వైపు చూసింది. మళ్ళీ బొమ్మ వైపు. నోరు తెరిచింది గానీ శబ్దం రాలేదు.

ఆ మౌనాన్ని పిన్ని ఎన్నోసార్లు చూసింది. అప్పుడేం చెయ్యాలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. వేషం పక్కన పెట్టి మనిషినని చూపించాలి. కానీ పక్కన పెట్టడానికి ఆమెకు ఇప్పుడు వేషమే లేదు, ఉన్నది ఆ మొహమే.

"నేను మనిషినే, రా" అంది చేతులు చాపి. పిల్ల రాలేదు. తల్లి వచ్చి ఎత్తుకుంటే ఆమె మెడలో మొహం దాచుకుంది. అమ్మమ్మ చెయ్యి వేసేసరికి ఒళ్ళంతా బిగుసుకుంది.

బంగళా ప్రారంభం కొన్నాళ్ళు వాయిదా పడింది. బండ్లకు పిల్లల బెల్టులు బిగించారు, కిరణం ముందు కంచె కట్టారు. పిన్ని మేనేజరును అడిగింది ఒక్కటే, ఆ మొహం తీసెయ్యమని. తియ్యడం కుదరదని నల్లటి మేలిముసుగు కప్పారు. ముసుగుతో ఇంకా భయంగా ఉందని జనం మెచ్చుకుంటున్నారట. ఆమె ఇప్పుడు చెక్కగుర్రాల దగ్గర, ఎండలో పనిచేస్తోంది.

మిరపగింజ మెల్లగా దగ్గరికి రావడం మొదలుపెట్టింది, కానీ ఒక షరతు మీద. అమ్మమ్మ ముందు మాట్లాడాలి. అందుకే సాయంత్రం ఇంటికొస్తే పిన్ని మెట్ల మొదట్లోంచే ఏదో ఒకటి వాగుతూ ఎక్కుతుంది. కూరగాయల సంగతులు, గుర్రాల సంగతులు, మోకాళ్ళ సంగతులు. ఆ గొంతు విన్నాకే లోపల గడియ తీసిన చప్పుడవుతుంది.

మొన్న జలుబు చేసి గొంతు పూర్తిగా మూగబోయింది. కూతురు ఇంకా దుకాణంలోనే ఉంది. పిన్ని మెట్లెక్కి, తలుపు ముందు నిలబడి, తట్టింది.

"ఎవరు?" అంది పిల్ల లోపల్నుంచి.

పిన్ని నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

తలుపు కింది సందులోంచి చిన్న వేళ్ళు బయటికి వచ్చాయి. పిన్ని మోకాళ్ళు పట్టుకుని కిందికి కూర్చుని తన చెయ్యి వాటి మీద పెట్టింది. ఆ వేళ్ళు ఆమె అరచేతిని తడిమాయి. వేడి ఉందా లేదా అని చాలాసేపు చూసుకున్నాయి.

"జలుబు చేసిందా?" అంది లోపలి గొంతు, బాగా మెల్లగా.

చేసిందని పిన్ని మెల్లగా తల తిప్పి ఊపింది, మూసిన తలుపుకు అవతల అది కనబడదని గుర్తు లేక. గడియ ఇంకా పడే ఉంది.