నెహ్రూ నగర్ మేడ మీద బాక్టీరియా

భిలాయి నెహ్రూ నగర్‌లో ఒక ఇంటి మేడ అద్దెకు తీసుకుని, నేనూ నా స్నేహితురాలూ వరి పైరుకు బలమిచ్చే బాక్టీరియాను పెంచే చిన్న కంపెనీ పెట్టాం. ఇద్దరం భిలాయిలోనే పుట్టాం. మా నాన్నగారు స్టీల్ ప్లాంటులో ఇంజినీరు. కొన్నేళ్ళు హైదరాబాద్ ల్యాబుల్లో పనిచేశాక, సొంత పని మాత్రం ఇక్కడే మొదలుపెట్టాలనిపించింది. చుట్టూ వరి పండించే రైతులే కదా.

కింద వాటాలో ఇంటావిడ ఉండేవారు. శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్ళది. బాక్టీరియా అనగానే ఆవిడ ముఖం మారిపోయింది.

"మా ఇంట్లో పురుగులు పెంచుతారేటమ్మా? ఎవులికైనా బీమారీ వస్తే ఏటి చెయ్యాలి?"

పాలు తోడుపెట్టడం లాంటిదేనని నచ్చజెప్పాను. పూర్తిగా నమ్మలేదు గానీ తాళాలిచ్చారు.

మూడో నెలలో మా ఫెర్మెంటర్, అంటే బాక్టీరియా పెరిగే స్టీలు ట్యాంకు, కలియబెట్టే కడ్డీ దగ్గర కారడం మొదలైంది. ఆ సందులోంచి వేరే క్రిములు చొరబడి సరుకంతా పుల్లటి కంపు కొట్టింది. నాట్లకు ముందే అందిస్తామని ఊరికి దగ్గర్లోని ఉతైలో ఒక రైతుకు మాటిచ్చి ఉన్నాం. ట్యాంకు అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే, ముంబై నుంచి మనిషి రావడానికి నెల పడుతుందన్నారు. హైదరాబాద్‌లో అయితే మర్నాటికి వచ్చేవాడు. ఆ రోజు ఈ ఊరి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. నా స్నేహితురాలు ట్యాంకు కడుగుతూ ఏడ్చేసింది.

సంగతి విని నాన్నగారు, తన దగ్గర పనిచేసి రిటైరైన ఫిట్టర్ బాబాయిని కబురుపెట్టి పిలిపించారు. ఆయన ఊళ్ళోనే ఉన్న క్యాంప్ 1 నుంచి స్కూటర్ మీద వచ్చి, కడ్డీని చేత్తో తిప్పి చూశారు.

"దీనికి ముంబై మనిషెందుకమ్మా? ప్లాంటులో పంపులకి ఇలాటి సీళ్ళు ఎన్ని మార్చీసినానో."

లోపల పెరిగేదేమిటో ఆయన అడగలేదు. ట్యాంకు శుభ్రం చేయడానికి ఆవిరి వేడి ఎంత పెడతారు, ఎన్ని గంటలు తిరుగుతుంది, అంతే అడిగారు. తెలిసిన వర్క్‌షాపులో కడ్డీ చుట్టూ సందు మూసే సీలు రింగు చేయించి, నాలుగు రోజుల్లో బిగించేశారు. రెండు రోజులు ఉత్త నీళ్ళతో తిప్పి చూశాం. చుక్క కారలేదు. కొత్త సరుకు శుభ్రంగా వచ్చింది. మైక్రోస్కోపులో చూపిస్తే బాబాయి చాలాసేపు చూసి, "ఈటికోసమా అంత ఏడుపు?" అని నవ్వారు. ఆ నవ్వు విని ఇంటావిడ కూడా పైకొచ్చి చూశారు.

నాట్లకు ముందే సరుకు అందించాం. ఉతై రైతు జాగ్రత్తపరుడు. సగం పొలానికే వాడాడు. పంట పొట్టకొచ్చే వేళకు ఆ సగం చిక్కటి ఆకుపచ్చగా, ఒత్తుగా ఉంది. అది చూసి తనకూ కావాలన్న బావమరిదిని వెంటబెట్టుకుని మా మేడెక్కాడు.

మేం పనిలో చేర్చుకుని నేర్పిన అమ్మాయిలు బెంగళూరులో ఉద్యోగాలొచ్చి వెళ్ళిపోతూనే ఉన్నారు. మళ్ళీ కొత్తవాళ్ళకు మొదటినుంచి నేర్పుతున్నాం. అయినా అడిగే రైతులు పెరిగి, సరుకు చాలక రెండో ట్యాంకు కావలసి వచ్చింది. ఈసారి బయట కొనలేదు. బాబాయి కొలతలు వేసిచ్చారు, ఇక్కడే చేయిస్తున్నాం.