చివరి నీలం గీత

వాన వచ్చే సంగతిని అందరికంటే ముందు కనిపెట్టే యంత్రాన్ని నేను తయారుచేశాను. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరపకాయ కల్లాలు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు కానీ, కంప్యూటరు కాపలా కాసిన కల్లం మాత్రం మాదొక్కటే. యంత్రం కూత పెట్టింది. నేను కేక వేశాను. కూలీలు పరుగున వచ్చారు. పట్టాలు కప్పాం. మా అమ్మాయి పంట దక్కింది.

ఈ కథను మా ఊరి టీ బంకు దగ్గర చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా వాన కొంచెం పెరుగుతూ వచ్చింది. పరుపులు కుట్టే నా పాత స్నేహితుడొకడు రోజూ అక్కడే కూర్చుని ఓపిగ్గా వింటాడు. పోయిన వారం అడ్డం వచ్చాడు.

"ఒరేయ్, మొన్న చెప్పినప్పుడు చినుకులన్నావు. ఇవాళ తుపానంటున్నావు. ఇంకో టీ తాగితే కృష్ణ పొంగి మీ కల్లంలోకొచ్చేట్టుంది."

"కళ్ళారా చూసినవాణ్ణిరా నేను."

"నువ్వు చూసింది సెల్లు కదరా."

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఇంటికి నడుస్తుంటే మాత్రం కాళ్ళు బరువెక్కాయి. ఈ వయసులో అబద్ధాన్ని మోసుకు తిరగడం కూడా ఒంటికి పనే. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పారేద్దామని కూర్చున్నాను. మొదటి సంగతి, యంత్రం కూత పెట్టలేదు. దానికి కూతే లేదు.

మా ఆవిడ పోయాక నేను అమ్మాయి దగ్గరే ఉంటున్నాను. అల్లుడు పత్తి లారీ డ్రైవరు. వారంలో సగం రోజులు రోడ్డు మీదే. సేద్యమంతా అమ్మాయిదే. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తోంది. అంతకుముందు ఏడు పూత మీద పురుగు పడి తోట మొత్తం ముడుచుకుపోయింది. నేను చెబుతున్న ఏడాది కాయ బాగా దిగింది. కోతలు మొదలైన రోజు అన్నం తింటూ అమ్మాయి ఒకే మాట అంది.

"ఈసారి కాయ రంగు నిలబడితే రెండెకరాలూ మళ్ళీ చేస్తా నాన్నా. లేకపోతే వదిలేసి జిన్నింగ్ మిల్లుకి పోతా. ఇక నావల్ల కాదు."

ఆ మాట అని, కంచంలో చెయ్యి ఉండగానే కునికింది. నేను లేపలేదు. నిద్రపోయేవాళ్ళను లేపడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

కూలీలు దొరకడం కష్టంగా ఉంది. ఆడవాళ్ళు కూడా ఆటోలెక్కి తుళ్లూరు వైపు కట్టుబడి పనులకు పోతున్నారు. ఉన్న నలుగురినీ కోతకు పెట్టి, కల్లం కాపలా నాకిచ్చింది అమ్మాయి. మంచు ఆరాక వాళ్ళు కాయను ఎండకు పలచగా నెరిపి చేలోకి పోతారు. సాయంత్రం వచ్చి కుప్ప చేసి పట్టా కప్పుతారు. మధ్యలో నా పని మేకలు రాకుండా చూడటం, మబ్బు పడితే అరవడం.

"చూడ్డం, అరవడం. నీకు కొత్త పనులేం కావుగా," అంది అమ్మాయి.

కొత్త కాకపోయినా కష్టమైన పనే. మొదటిరోజు దగ్గు వస్తుంది. తర్వాత ముక్కు కారుతుంది. ఆ తర్వాత తాగే నీళ్ళు కూడా మిరపకాయ రుచే. కాయ ముట్టుకున్న చేత్తో కళ్ళు తుడుచుకోకూడదన్న సంగతి నాకు ప్రతి ఏడూ మంట పుట్టాకే గుర్తొస్తుంది. ఎర్రటి కల్లాన్ని పొద్దుటినుంచి చూసి చూసి కళ్ళు మూస్తే రెప్పల వెనక అంతా ఆకుపచ్చగా కనిపించేది. మంచం మీద కూర్చోలేను, పడుకోకూడదు. అలా ఉండేది నా కాపలా.

ఇంక కంప్యూటరు సంగతి. గుంటూరులో ఒక మేడ మీద చాలా ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. జిల్లాలో గుమాస్తాలందరూ నా దగ్గర వేళ్ళు తిప్పినవాళ్ళే అని చెబుతుంటాను. అందరూ కాదు, కోర్టు వీధిలో కొందరు. మిషన్లన్నీ ఒకేసారి మోగే ఆ గదిలో నా కుడి చెవి పోయింది. ఎడమది తయారుగా ఉంది. కంప్యూటర్లు వచ్చాక మిషన్లను తూకానికి అమ్మేసి రెండు కంప్యూటర్లు కొన్నాను. ముందురోజు పుస్తకం చూసి నేర్చుకున్నది మర్నాడు పిల్లలకు చెప్పేవాణ్ణి. పుస్తకంలో నేను ఒక పేజీ ముందుండేవాణ్ణి, అంతే తేడా.

టైపు రోజుల్లో, పరీక్షలయిపోయాక, పిల్లలు ఎక్స్‌లూ ఓలూ కొట్టి కాగితం మీద బొమ్మలు వేసేవాళ్ళు. నెమలి, గోపురం, చర్చి గంట. రిబ్బను పాడవుతోందని తిట్టి పంపించేవాణ్ణి. వాళ్ళు మెట్లు దిగాక నేను కూర్చుని అదే పని చేసేవాణ్ణి.

అందుకే ఇంటర్నెట్టులో ఆ ఆట కనిపించినప్పుడు పాత చుట్టం ఎదురైనట్టు అనిపించింది. జనవరి నెలలో రోజుకొక మాట ఇస్తారు. ప్రాంప్ట్ అంటారు దాన్ని. ఎక్కడెక్కడి మనుషులో ఆ మాట మీద చిన్న ప్రోగ్రామ్ రాసి, దానితో బొమ్మ పుట్టించి, నలుగురికీ చూపిస్తారు. బహుమతి లేదు, ఉద్యోగం రాదు, దేనికీ పనికిరాదు. నాలాంటివాడికి సరిపోయే పని. నెల మొత్తం ఒక్క రోజు కూడా తప్పలేదని టీ బంకులో చెప్పాను. సగం రోజులు చేశాను. ఆ సగంలోనూ కొన్ని ఇతరుల ప్రోగ్రాములకు రంగులు మార్చి నావనిపించుకున్నవే.

ఒకరోజు 'గీతలు గీయండి, ఒకదానికొకటి తగలకూడదు' అన్నారు. పత్తి సాళ్ళు గీశాను. ఇంకోరోజు 'ఒకే రంగు' అన్నారు. మా కల్లం వేద్దామని తెర నిండా ఎర్ర చుక్కలు చల్లాను. అమ్మాయి తొంగిచూసి, "ఏంటిది, దద్దుర్లా?" అంది. మరోరోజు 'కావాలని ఒక తప్పు చేయండి' అన్నారు. నెల మొత్తంలో నా ప్రోగ్రామ్ మొదటిసారికే సరిగ్గా నడిచింది ఆ ఒక్కరోజే.

'మీ చుట్టూ ఉన్న రంగులతోనే బొమ్మ కట్టండి' అన్న రోజు వచ్చింది. బాగా అలిసిపోయి ఉన్నాను. కొత్తగా ఏదీ గీసే ఓపిక లేదు. గీసే పని ఆకాశానికే అప్పజెబుదామనుకున్నాను. పొద్దున ఇంట్లో చిన్న ప్రోగ్రామ్ రాసి సెల్‌ఫోన్లోకి ఎక్కించాను. అది చేసేది ఒకటే పని: కాసేపటికోసారి కెమెరాతో పైకి చూడటం, కనిపించిన రంగుతో ఒక నిలువు గీత వేయడం, దాని పక్కన ఇంకొకటి. సాయంత్రానికి ఒక రోజు ఆకాశమంతా చారల తువ్వాలులా తయారవుతుందని నా ఆశ.

కల్లం అంచున ఎండలో మంచం వేసుకుని, తల పక్కన ఫోను వెల్లకిలా పెట్టాను. తెరా పైకే, కెమెరా కూడా పైకే. అందువల్ల ఒక చిక్కు వచ్చింది. గీతలు ఎలా పడుతున్నాయోనని నేను వంగి చూసినప్పుడల్లా కెమెరాకు ఆకాశం బదులు నా ముఖం కనబడేది. ఆ గీత చామనఛాయలో పడేది. పొద్దుటి లేత నీలంలో అలాంటివి చాలా ఉన్నాయి. కాయ నెరపడానికి వచ్చిన కూలీల్లో పెద్దావిడ చూసి, "మాస్టారూ, ఆకాశానికి మాసికలు వేస్తున్నారేంటండీ?" అంది.

ఇక అసలు సంగతి. మధ్యాహ్నం దాటాక గీతల రంగు మారింది. నీలం వెలిసి తెలుపైంది, తెలుపు బూడిద రంగైంది. మబ్బు పట్టిందన్న సంగతి ఆకాశంలో చూసి కాదు, ఫోనులో చూసి నాకు తెలిసింది. అప్పుడే కేక వేయాల్సింది. వేయలేదు. ఆ బూడిద రంగులు ఒకదాని పక్కన ఒకటి ఎంత బాగా దిగుతున్నాయో, ఇంకొక్కటి చూద్దాం, ఇంకొక్కటి చూద్దాం అనుకుంటూ కూర్చుండిపోయాను. కాపలా మనిషిని, నా కల్లం మీదికి మబ్బు వస్తుంటే దాని అందం చూస్తూ కూర్చున్నాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

చినుకులు పడ్డాయి. అమ్మాయి, కూలీలు చేలోంచి పరుగెత్తుకొచ్చారు. మా కల్లానికి సరిగ్గా సరిపోయే నీలం పట్టాలు మూడు. రెండు కప్పాం. మూడోది గాలికి ఎగిరి పక్క చేలో పడింది. అది తెచ్చేలోగా ఒక మూల కాయ తడిసింది. తుపాను లేదు, ఏమీ లేదు. ఒక టీ తాగేంత సేపు కురిసి ఆగిపోయింది. అప్పటికే ఎండుముఖం పట్టిన కాయకు ఆ కాస్త తడే చాలు.

తడిసినదాన్ని వేరుగా ఎండబెట్టాం. రెండు మూడు రోజుల్లో కాయ తెల్లబడి తాలు అయిపోయింది. దాన్ని ఏరుతూ మేమిద్దరం వారం రోజులు నడుములు వంచాం. అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. సాయంత్రాలు మంచం కోడుకు ఆనుకుని, అరచేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంటూ, ఎటో చూస్తూ కూర్చునేది.

ఎంత ఏరినా కొంత కలిసిపోయింది. గుంటూరు మిర్చి యార్డులో కొనే ఆయన మా బస్తాలో చెయ్యి పెట్టి, రెండు తెల్ల కాయలు పైకి తీసి, మా అమ్మాయి ముఖం ముందు పట్టుకుని నిలబడ్డాడు. ధర తగ్గించాడు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు అమ్మాయి కిటికీకి తల ఆనించి, "ఒక ఎకరం వదిలేద్దాం నాన్నా," అంది. వదిలేసింది. ఇప్పుడు చేస్తున్నది ఒక్క ఎకరమే. మిగతా రోజులు జిన్నింగ్ మిల్లుకు పోతోంది. సాయంత్రం తల నిండా పత్తి పీచుతో వస్తుంది. ఆ మూల తడవకపోతే రెండెకరాలూ ఉండేవి.

నా ఆకాశం బొమ్మ మాత్రం బాగా ఆడింది. ఎక్కువేమీ కాదు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కొందరు మెచ్చుకున్నారు. పొద్దుటి నీలం, నా ముఖపు మాసికలు, తర్వాత ఎక్కడా తెగకుండా పొడుగ్గా బూడిద రంగు, ఆ చివర ఒక్కసారిగా ముదురు నీలం, దానితో బొమ్మ ఆఖరు. అంత కటిక బూడిద తర్వాత ఆ చివరి నీలం చూస్తే ధైర్యం వచ్చిందని ఒకావిడ రాసింది. వాన వెలిశాక మా ఊరి ఆకాశం అలాగే ఉంటుందని నేను జవాబిచ్చాను.

ఇంతవరకూ రాసి, మొన్న ఆదివారం, చర్చికి పోయిన కూలీలు ఇంకా కల్లానికి చేరకముందు, అమ్మాయికి చదివి వినిపించాను. తాలు ఏరుకుంటూ వింది. అయిపోయాక, "ఫోనియ్యి," అంది. బొమ్మను వేలితో అటూ ఇటూ జరిపి చూసింది.

"నువ్వు వంగి చూసినప్పుడల్లా నీ మొహం గీత పడుద్దన్నావుగా?"

"అవును."

"మరి ఈ బూడిద రంగులో ఒక్కటన్నా ఉందా?"

నేను వంగి వెతికాను. ఒక్కటీ లేదు.

"అందం చూస్తూ కూర్చున్నాడంట. నోరు తెరుచుకుని నిద్రపోతున్నావు. చొక్కా మీద చినుకులు పడుతున్నా తెలీలేదు నీకు. కేకేశా, వినపడలేదు."

"నిద్రపోయిన మాట నిజమే," అన్నాను. "లేచేసరికి నా మీద పట్టా ఉంది. కాయ కప్పాక మిగిలింది నామీద వేశారనుకున్నా. అది రాస్తే ఏం బాగుంటుందని..."

"మిగలడానికి ఉన్నవెన్ని? మూడు." ఫోను నా ఒళ్ళో పెట్టి మళ్ళీ చేతులు కాయలో దూర్చింది. "మొదటిది నీమీద కప్పి అప్పుడెళ్ళాం కాయ దగ్గరికి. ఈ చివర నీలం ఆకాశం కాదు, ఆ పట్టానే. ఆ మూల తడిసింది అందుకే. గాలీ లేదు, గీలీ లేదు."