మరచెంబు ముంచిన ఊర్లు

మొన్న మనుమరాలు అటక మీది సామాన్లు దించుతూ ఒక ఇత్తడి మరచెంబు పట్టుకొచ్చింది. చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమి, "నానమ్మా, దీన్ని టీవీ పక్కన పెడుదామా?" అన్నది. మూత తిప్పి చూశాను. అప్పటిలాగే చివరి చుట్టుకు వచ్చేసరికి పట్టు జారింది. "పెట్టు. కాని పక్కన కాగితాలు మాత్రం పెట్టకు" అన్నాను. దానికి అర్థం కాక నా మొహం చూసింది. ఇక చెప్పక తప్పలేదు.

అప్పుడు మేం లక్సెట్టిపేటలో ఉండేవాళ్లం. రెండో తరగతితోనే బడి మానేసి కాపురానికి వచ్చినదాన్ని నేను. మా ఆయన చెల్లెలు మాత్రం హైదరాబాద్ హాస్టల్లో ఉండి తెలుగు ఎం.ఏ. చదివింది. మా వాడలో అంత చదివిన ఆడపిల్ల లేదు, ఆ మాటకొస్తే మగపిల్లవాడూ లేడు. సెలవుల్లో ఇంటికి వస్తే చాలు, అన్న సైకిల్ వెనక కూర్చుని ఊరూరా తిరిగేది. కుంట, మడుగు, ఊట, కొలను అంటూ పేరులో నీళ్లున్న ఊర్లన్నీ రాసుకునేది. "పేరు చూస్తేనే ఊర్లె మొదలు నీళ్లు ఎక్కడుండెనో తెలుస్తది వదినె" అని నాకు చెప్పేది. మా అత్త వింటూ ఊరుకునే మనిషా! "బిందె పట్టుకొని పోతే తెల్వదా నీళ్లు ఎక్కడున్నయో? దానికి గిన్ని కాగితాలు ఖరాబు చేసుడెందుకు?" అనేది.

ఆ కాగితాలే ఒక వ్యాసమయ్యాయి. యూనివర్సిటీలో జరిగే సదస్సులో చదవమని పిలుపు వచ్చింది. వ్యాసం నిలబడితే పరిశోధనకు సీటు ఇప్పిస్తానని వాళ్ల సారు అన్నాడట. సీటు రాకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి రావాల్సిందేనని మా అత్త ముందే తేల్చి చెప్పింది. నాట్లు పడుతున్న రోజులు కనుక మా ఆయన కదలలేడు. అందుకని తోడుగా నన్ను పంపారు. అప్పటిదాకా రైలు కూత విన్నదాన్నే కాని, ఎక్కినదాన్ని కాదు.

మంచిర్యాల దాకా బస్సు, అక్కడ రైలు. గోదావరి వంతెన మీద అందరితోపాటు నేనూ దండం పెట్టుకున్నాను. మా ఆడబిడ్డ చేతిలో ఉంటే కాగితాలు నలుగుతాయని నేనే తీసుకుని, నా సంచిలో అన్నిటికన్నా అడుగున భద్రంగా పెట్టాను. వాటి మీద నీళ్లు నింపిన మరచెంబు పెట్టాను. పెద్దపల్లిలో సద్ది విప్పుదామని సంచి ఎత్తితే అడుగు నుంచి నీలం నీళ్లు కారుతున్నాయి. మొత్తం సిరా. ఆ పిల్ల తడిసిన కాగితాలను ఒక్కొక్కటే విడదీసి చూసింది. నన్ను తిట్టినా బాగుండేది. "రాసిన సంగతి నాకు నోటికొచ్చు వదినె. పేర్లెట్ల? ఎనభైకి పైన ఊర్లు. నోట్సేమో ఇంట్లనే ఉండె. రేపు పొద్దుగాల్నే చదవాలె" అని కిటికీ వైపు తిరిగింది.

బండి కొలనూర్‌లో ఆగింది. ఏం మాట్లాడాలో తోచక, "మా మేనత్తను గీ ఊరికే ఇచ్చిండ్రు" అన్నాను. పిల్ల గిర్రున ఇటు తిరిగింది. "నా పేర్లల్ల మొదటిది గిదే!" అన్నది. "మేనత్త బిడ్డను ఊటూరుకిచ్చిండ్రు. ఆమె తోటికోడలు నీరుకుల్ల పిల్ల" అన్నాను. అప్పటికే పిల్ల పెట్టెలోంచి తెల్లకాగితాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. నాకు ఊర్లు బాటలను బట్టి తెలియవు, పెండ్లిళ్లను బట్టి తెలుసు. ఏ ఊరికి ఎవరినిచ్చారో, ఆ పెండ్లిలో ఎవరు అలిగారో, ఏ విందులో పప్పు మాడిందో ఇప్పటికీ వరుసగా చెప్పగలను. నేను చుట్టాలను తీస్తుంటే, అందులోంచి పిల్ల ఊర్లను ఏరుకుంటున్నది. ఎదుటి బల్ల మీద మక్క కంకుల గంపతో కూర్చున్న ముసలామె చాలాసేపు విని, "సంబంధం చూస్తున్నరా బిడ్డా? పిలగాడు ఎవలు?" అనడిగింది.

"పిలగాడు గాదు పెద్దమ్మా, ఊర్లు గావాలె."

"ఊర్లా? జమ్మికుంట రాసుకున్నరా మరి? నన్నిచ్చింది గాడికే!"

అక్కడే దిగిపోతూ మా ఒళ్లో రెండు కంకులు పడేసి పోయింది.

కాజీపేట దాటేసరికి ఒకే ఒక్క ఊరు తక్కువ పడింది. ఎంత తవ్వినా దొరకలేదు. మర్నాడు పొద్దున హాస్టల్ గదిలో పిల్లకు జడ వేస్తుంటే తట్టింది. కుంటాల! మా అత్త పుట్టిన ఊరు. ఇచ్చిన ఊర్లనే వెతికాను కాని, మాకు పిల్లనిచ్చిన ఊరు గుర్తురాలేదు. "అవ్వకు చెప్పకు వదినె, నిన్నూ నన్నూ బతకనియ్యది" అని పిల్ల జడ పూర్తికాకముందే లేచి రాసుకుంది.

అంత పెద్ద హాలు నేనెప్పుడూ చూడలేదు. వెనక వరుసలో కుర్చీ అంచున కూర్చున్నాను. మా పిల్ల ఎక్కడా తడబడకుండా చదివింది. ముందు వరుసలోని ఒక పెద్దాయన లేచి, "ఇన్ని ఊర్లు ఏ రికార్డు చూసి సేకరించావమ్మా?" అన్నాడు. ఊరూరా తిరిగి రాసుకున్నానని చెప్పి ఊరుకోవచ్చు. కాని ఆ పిల్ల, "ఊరూరా తిరిగే రాసుకున్నాను సార్. నిన్న రైల్లో కాగితాలు తడిసిపోతే మా వదినె అన్నీ మళ్లీ చెప్పింది. అగో, ఆమెనే" అని నన్ను చూపించింది. హాలు మొత్తం వెనక్కి తిరిగింది. నేను కొంగు నిండా కప్పుకుని లేచి నిలబడ్డాను. "ఊటూరు సంగతేమిటమ్మా?" అన్నాడాయన, నవ్వుతూనే. "మా మేనత్త బిడ్డనిచ్చిన ఊరు సార్. ఊరి ముంగట ఊట ఉంటది. ఎండకాలం గూడ ఇంకది. పెండ్లికి పోయినప్పుడు నేను తాగిన" అన్నాను. ఆయన నవ్వు ఆపి, జేబులోంచి కలం తీసి రాసుకున్నాడు. రెండో తరగతి చదివిన నా మాటను ఒక ప్రొఫెసరు కాగితం మీద పెట్టుకున్నాడు! తిరుగు రైల్లో నేను కిటికీ పక్కన కూర్చుంటానని పట్టుబట్టి మరీ కూర్చున్నాను.

సీటు వచ్చింది. ఇంటికి వచ్చి ఆ కబురు చెబితే మా అత్త అడిగింది ఒకటే మాట, "మా కుంటాల చదివినవా?"

"చదివిన అవ్వా, అన్నిటికన్న ఆఖరుకు."

"ఆఖరుకెందుకు?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మంచివి ఆఖరుకే చదువుతారని నేను అబద్ధమాడాను. ఆమె నమ్మింది, వాడంతా చెప్పుకుంది.

ఆ పేర్లలోని కొన్ని ఊర్లు తర్వాత గోదావరి మీద కట్టిన ప్రాజెక్టుల కింద మునిగిపోయాయి. ఆ ఊర్లకిచ్చిన ఆడపిల్లల్లో చాలామంది లేరు. మనుమరాలు చెంబును టీవీ పక్కన పెట్టి వచ్చి, నా పక్కన కూర్చుని, "కొలనూర్ తర్వాత ఏ ఊరు నానమ్మా?" అన్నది. ఊటూరు నుంచి మొదలుపెట్టాను. కాలం ముంచిన ఊరైనా సరే, అక్కడికి ఎవరినిచ్చారో ఒక్కరికి గుర్తుంటే చాలు, మళ్లీ పైకి తేలుతుంది.